సందు

ఆజామాబాద్ వెనక సందులో మా షెడ్డు.
రెండు ఆటోలు ఎదురైతే
ఒకటి వెనక్కి పోవాల్సిందే.
సాయంత్రానికి పొగాకు ఫ్యాక్టరీ వాసన
ఇంజనాయిలు వాసనతో కలిసి
మూడో వాసన ఒకటి పుడుతుంది,
దానికి ఇంకా ఎవరూ పేరు పెట్టలేదు.

స్టాండు మీద స్విఫ్ట్ ఇంజను.
కొత్త క్యామ్‌షాఫ్టులు రెండూ బిగించాను.
పాతవాటికంటే లోబులు ఎత్తు,
బంతిలో రెండోసారి కూర్చున్నవాడి పొట్టలాగా.
వాల్వు ఇక ఎక్కువ లోతుకు దిగుతుంది,
ఎక్కువసేపు కిందే ఉంటుంది.
పైకొచ్చే పిస్టనుకు ఆ సంగతి తెలియదు.

"రేపు రాత్రి ఔటర్ మీద చూస్తా అక్కా"
అభిరామ్ మూడోసారి ఫోను.

లతీఫ్ ఉస్తాద్ ప్లాస్టిక్ కుర్చీలో.
షుగరు ఆయన వేళ్ల కొసలు తిని ఆరేళ్లయింది.
చాయ్ గ్లాసు కాలిన సంగతి
చర్మం ఎర్రబడ్డాక కళ్లతో తెలుసుకుంటాడు.
ఫీలర్ గేజి ఇప్పుడు నా చేతిలో,
ప్రశ్న ఆయన నోట్లో:
"ఎట్ల పోతుంది, ఈశ్వరీ?"

మొదటి వాల్వు. పాయింట్ ఇరవై రేకు.
"పోతుంది ఉస్తాద్."
"గాలి కూడ పోతది. ఎట్ల?"

నూనె రాసిన జడలోంచి దువ్వెన లాగినట్టు.
"ఊఁ. అది సరి. రెండోది?"
నిండిన బస్సులో కండక్టరు దూరినట్టు.
"బిగుతు. రాసుకో, బకెట్ మార్చాలె."
మూడోది మా అత్త పలకరింపు.
"అంటే?"
దేనికీ తగలదు ఉస్తాద్, ఊరికే పోతుంది.
పళ్లు లేని వైపు నుంచి నవ్వాడు.

పదహారు వాల్వులు, పదహారు పోలికలు.
తొమ్మిదో దాని దగ్గర మాటలు అయిపోయి
పరుపు కింద జీతం కవరు లాగినట్టు అన్నాను.
ఎవరి పరుపు అని ఆయన అడగలేదు.

బకెట్లు మార్చాక అసలు పరీక్ష.
చందన బడి సంచిలోంచి
పచ్చ మైనం చిలకను అడక్కుండా తెచ్చాను.
రెక్కలు తుంచి
పిస్టను నెత్తిన అద్దాను, హెడ్డు బిగించాను,
పానాతో క్రాంకు తిప్పాను.
చేత్తోనే, రెండు చుట్లు.
సెల్ఫు కొట్టి తెలుసుకునేది
ఒక్కసారే తెలుస్తుంది.

ఎక్కడా ఆగలేదు.
ఆగకపోతే బాగున్నట్టు కాదు.
విద్యానగర్ స్టేషన్ దాటి రైలు పోయేదాకా ఉండి
హెడ్డు విప్పాను.

మైనంలో నెలవంకలు.
బ్లేడుతో అడ్డంగా కోసి
పల్చటి చోటు ముక్కను ఆయన అరచేతిలో పెట్టాను.
వేళ్ల మధ్యకు తీసుకోబోయి ఆగాడు.
తర్వాత, ఎవరూ చూడనట్టు,
దాన్ని పెదాల మధ్య పెట్టుకున్నాడు.

కళ్లు మూసుకున్నాడు.
చందన ఏడో నెలలో ఇట్లాగే
గోడనీ చెప్పునీ నా భుజాన్నీ కొలిచింది.

"ఒకటిన్నర కూడ లేదు."

వెర్నియర్ పెట్టాను. ఒకటి పాయింట్ మూడు.
ఎగ్జాస్టుకు రెండైనా కావాలి.
వేడికి రాడ్డు సాగుతుంది,
ఏడువేల చుట్ల దగ్గర స్ప్రింగు
తన పని ఒక్క రెప్పపాటు మరిచిపోతుంది.

పిస్టన్లు తీసి పాకెట్లు లోతు చెయ్యాలి,
పది రోజులు పడుతుందని అభిరామ్‌కు చెప్పాను.
"తిరిగింది కదా అక్కా! తగల్లేదు కదా!"
తగల్లేదు తమ్ముడూ.
నువ్వు మా సందులోకి ఎప్పుడైనా కారు తెచ్చావా,
ఎదురుగా ఆటో వచ్చినప్పుడు?

ఫోను పెట్టేశాడు. కారు వేరే షెడ్డుకు పోవచ్చు.

మిగిలిన మైనాన్ని మళ్లీ చిలకను చేశాను.
ఒక రెక్క నల్లబడింది, ముక్కు కాస్త లావు,
పొద్దున్నే పట్టేస్తుంది పిల్ల.

ఉస్తాద్ కింది పెదవి మీద పచ్చ మరక.
షట్టరు దించుతూ చూశాను.
తుడుచుకోమని చెప్పలేదు.